నీటిలో సరిగా కరగని ఔషధానికి ద్రావణీయత పెంచడం ఎలా?

నోటి ద్వారా తీసుకున్న ఔషధం రక్తంలోకి చేరాలంటే ముందుగా జీర్ణనాళంలోని ద్రవంలో కరగాలి. కరగకుండా ఘనరూపంలో మిగిలిపోయిన కణం పేగు గోడను దాటలేదు. ద్రావణీయత పెంచే పద్ధతులకు ఫార్మసీలో కొదవ లేదు. అయితే చాలామంది విద్యార్థులు ముందుగా ఏదో ఒక పద్ధతిని ఎంచుకుని, ఆ తరువాత దానికి సరిపోయే మందు కోసం వెతుకుతారు. ఈ వరుస తలకిందులైనది. మందు ఎందుకు కరగడం లేదో తేల్చుకున్న తరువాతే దానికి ఏం చేయాలో నిర్ణయించాలి. ప్రాజెక్టు చేస్తున్న ఫార్మసీ విద్యార్థిని, ఫార్ములేషన్ ల్యాబ్‌లో కొత్తగా చేరినవారిని దృష్టిలో పెట్టుకుని, పని జరగవలసిన క్రమాన్ని కింద వివరిస్తున్నాను.

1. ఎంత కరగాలో ముందు లెక్కకట్టండి

ఒక భాగం కరగడానికి 10,000 భాగాలు లేదా అంతకంటే ఎక్కువ ద్రావణి అవసరమైతే ఫార్మకోపియా ఆ పదార్థాన్ని దాదాపు కరగనిదిగా వర్గీకరిస్తుంది. ఆ మాట చూసి కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే అందులో డోస్ ప్రస్తావన లేదు. 1995లో గోర్డన్ ఆమిడాన్ బృందం ప్రతిపాదించిన బయోఫార్మస్యూటిక్స్ వర్గీకరణ డోస్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. దాని ప్రకారం డోస్‌ను 250 మిల్లీలీటర్లతో భాగించి, వచ్చిన గాఢతను మందు ద్రావణీయతతో మళ్లీ భాగిస్తే డోస్ సంఖ్య వస్తుంది. అది ఒకటి కంటే తక్కువైతే డోస్ మొత్తం ఒక గ్లాసు నీటి పరిమాణంలో కరిగిపోగలదని అర్థం.

రెండు ఉదాహరణలు చూడండి. డిగాక్సిన్ ద్రావణీయత మిల్లీలీటరుకు సుమారు 0.024 మి.గ్రా. మాత్రమే, కాని దాని డోస్ 0.5 మి.గ్రా. అనుకుంటే డోస్ సంఖ్య 0.08 దగ్గర ఉంటుంది. గ్రీసియోఫల్విన్ ద్రావణీయత మిల్లీలీటరుకు సుమారు 0.015 మి.గ్రా., అంటే డిగాక్సిన్ కంటే మరీ తక్కువేమీ కాదు, కాని డోస్ 500 మి.గ్రా. కావడంతో డోస్ సంఖ్య 133కు చేరుతుంది. మొదటి మందుకు కణ పరిమాణాన్ని అదుపులో ఉంచి, కరిగే వేగాన్ని చూసుకుంటే చాలు. రెండవదానికి వేగం ఒక్కటే చాలదు, ద్రావణీయత కూడా పెరగాలి. మీ మందు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో మొదటి రోజే నోటుపుస్తకంలో రాసుకోండి. ద్రావణీయతను ఎన్ని రెట్లు పెంచవలసి ఉందో ముందే తెలిస్తే, రెండు మూడు రెట్లు మాత్రమే పెంచగల పద్ధతి మీద నెలలు వృథా కావు.

2. ద్రావణీయతను నిజాయితీగా కొలవండి

పైన చెప్పిన లెక్కకు ఆధారం మీరు కొలిచే విలువే కనుక ఈ దశలో తొందరపడకూడదు. మూతగల గాజు సీసాలో తెలిసిన పరిమాణంలో బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) తీసుకుని, అడుగున ఘనపదార్థం స్పష్టంగా మిగిలేంత మందు వేసి, 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర షేకర్‌లో ఉంచండి. సాధారణంగా 24 నుంచి 72 గంటలు పడుతుంది. అయితే గడియారాన్ని నమ్మకుండా వేర్వేరు సమయాల్లో నమూనాలు తీసి, వరుసగా రెండు మూడు విలువలు ఒకేలా వచ్చినప్పుడే సమతాస్థితి వచ్చిందని భావించండి. పీహెచ్ 1.2, 4.5, 6.8 ఈ మూడింటిలోనూ, ఔషధ పీకేఏ (అణువుల్లో సగం అయనీకరణం చెందే పీహెచ్) ఈ పరిధిలో ఉంటే ఆ విలువకు దగ్గరలోనూ కొలవాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది వడపోత దగ్గర. నీటికి దూరంగా ఉండే అణువులు ఫిల్టర్ పొరకు సులువుగా అంటుకుంటాయి కనుక మొదటి కొన్ని మిల్లీలీటర్లను పారబోసి, తరువాతి భాగాన్నే విశ్లేషణకు తీసుకోండి. సీసాను 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఫిల్టర్‌ను, సిరంజిని చల్లగా వదిలేస్తే వడపోత మధ్యలోనే మందు స్ఫటికాలుగా విడిపోవచ్చు. ప్రయోగం చివర పీహెచ్‌ను మళ్లీ కొలవండి. కరిగిన మందే ఆమ్లమో క్షారమో అయితే బలహీనమైన బఫర్‌ను అది పక్కకు లాగేస్తుంది, అప్పుడు మీరు పీహెచ్ 6.8 దగ్గర కొలిచామనుకున్న విలువ నిజానికి మరో పీహెచ్‌ది అవుతుంది.

చాలా నివేదికల్లో కనిపించని పని ఇంకొకటి ఉంది. సీసా అడుగున మిగిలిన ఘనపదార్థాన్ని ఆరబెట్టకుండా తడిగానే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో (స్ఫటిక నిర్మాణాన్ని చూపే పరీక్షతో) పరీక్షించాలి. నిర్జల కార్బమాజెపిన్ నీటిలో ఉన్నకొద్దీ డైహైడ్రేట్‌గా మారిపోతుంది, దాని ద్రావణీయత నిర్జల రూపం కంటే తక్కువ. మీరు వేసిన రూపం ఒకటై, చివర మిగిలింది మరొకటైతే, మీ దగ్గర ఉన్న అంకె రెండవదాని ద్రావణీయతే.

3. మందు ఎందుకు కరగడం లేదో తేల్చండి

అణువు కరగడానికి రెండు పనులు జరగాలి. స్ఫటికంలో పొరుగు అణువుల పట్టు నుంచి అది విడిపోవాలి, ఆ తరువాత నీటి అణువుల మధ్య చోటు సంపాదించుకోవాలి. మొదటి అడ్డంకికి కొలమానం ద్రవీభవన స్థానం, రెండవదానికి లాగ్ పీ, అంటే అణువు నీటి కంటే నూనె వంటి ద్రావణిలోకి ఎంత మొగ్గుతుందో చెప్పే సంవర్గమానం. ఈ రంగంలో పనిచేసేవారు మొదటి రకం మందులను ఇటుకపొడి అని, రెండవ రకాన్ని జిడ్డుముద్ద అని వాడుకగా పిలుస్తారు.

యల్కోవ్‌స్కీ సమీకరణం ఈ రెండింటినీ కలిపి చూపుతుంది. ద్రవీభవన స్థానం నుంచి 25 తీసివేసి 0.01తో గుణించండి. ఆ విలువను, లాగ్ పీని 0.5 నుంచి తీసివేస్తే, లీటరుకు మోల్స్‌లో ద్రావణీయతకు సంవర్గమానం వస్తుంది. ఐబూప్రోఫెన్‌కు ద్రవీభవన స్థానం 76 డిగ్రీలు, లాగ్ పీ 3.97 అనుకుంటే జవాబు మైనస్ 3.98, అంటే లీటరుకు దాదాపు 22 మి.గ్రా. అయనీకరణం చెందని రూపానికి నీటిలో కొలిచిన విలువ కూడా దీనికి చాలా దగ్గరగానే ఉంటుంది. అన్ని మందులకూ అంచనా ఇంత చక్కగా కుదరదు, కాని మనకు కావలసింది జవాబు కంటే దానిలోని వాటాలు. ఐబూప్రోఫెన్‌లో స్ఫటికం వల్ల జరిగే నష్టం సంవర్గమానంలో అర మాత్రమే, మిగతా నాలుగు పాళ్లూ లాగ్ పీ వల్లే. అందుకే ఐబూప్రోఫెన్‌ను అస్ఫటిక రూపంలోకి (అణువులకు స్ఫటికపు క్రమం లేని ఘనరూపంలోకి) మార్చినా ఒరిగేది తక్కువ. 220 డిగ్రీల దగ్గర కరిగే గ్రీసియోఫల్విన్‌లో స్ఫటికం వాటాయే దాదాపు రెండు, అంటే దాదాపు 90 రెట్ల నష్టం, కనుక అక్కడ స్ఫటికాన్ని ఛేదించే పద్ధతికి అర్థం ఉంటుంది.

మూడవ ప్రశ్న, అణువుకు అయనీకరణం చెందే సమూహం ఉందా అన్నది. ఉంటే ముందు ఆ దారినే వెళ్లండి, ఎందుకంటే అంత చౌకగా అంత లాభం ఇచ్చే మార్గం మరొకటి లేదు.

4. అయనీకరణం చెందే మందైతే పీహెచ్, లవణం

బలహీన ఆమ్లం మొత్తం ద్రావణీయత దాని సహజ ద్రావణీయతను (అయనీకరణం చెందని రూపపు ద్రావణీయతను) ఒకటి కూడిక పది ఘాతం (పీహెచ్ తీసివేత పీకేఏ) అన్న విలువతో గుణిస్తే వస్తుంది. పీకేఏ 4.5 ఉన్న ఆమ్లానికి పీహెచ్ 6.8 దగ్గర ఇది దాదాపు 200 రెట్లు. క్షారాలకు ఘాతంలోని గుర్తు తిరగబడుతుంది. ద్రవరూప మందుల్లో బఫర్‌తోనే పని పూర్తి కావచ్చు, అయితే ఆ పీహెచ్ దగ్గర మందు విచ్ఛిన్నం కాకుండా ఉంటుందో లేదో చూసుకోవాలి. ఇంజెక్షన్ అయితే రక్తనాళం దాన్ని భరించగలదా అన్నది కూడా చూడాలి.

ఘనరూపానికి లవణం తయారు చేయాలంటే మందుకూ, దాని అయాన్‌తో జతకట్టే వ్యతిరేక ఆవేశపు అయాన్‌నిచ్చే ఆమ్లానికి లేదా క్షారానికీ మధ్య పీకేఏ తేడా కనీసం 3 ఉండేలా ఎంచుకోవడం మంచిది. సోడియం, పొటాషియం, హైడ్రోక్లోరైడ్, మెసిలేట్ వంటి వాటితో చిన్న మోతాదుల్లో ప్రయత్నించి, ఏర్పడిన ప్రతి లవణానికీ స్ఫటికత్వం, తేమ పీల్చే గుణం, ద్రవీభవన స్థానం చూడండి. డైక్లోఫెనాక్ సోడియం, నాప్రోక్సెన్ సోడియం ఈ దారిలో వచ్చినవే.

లవణం విషయంలో రెండు ఉచ్చులున్నాయి. హైడ్రోక్లోరైడ్ లవణం జీర్ణాశయంలోని క్లోరైడ్ అయాన్ల సమక్షంలో సమాన అయాన్ ప్రభావం వల్ల అనుకున్నంత కరగకపోవచ్చు, కనుక 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో దాన్ని విడిగా కొలవండి. రెండవది, బలహీన క్షారపు లవణాన్ని మెగ్నీషియం స్టియరేట్‌తో కలిపి టాబ్లెట్ చేసినప్పుడు, తేమ తగిలితే లవణం విడిపోయి మళ్లీ స్వేచ్ఛా క్షారంగా మారవచ్చు. టాబ్లెట్ చూడటానికి మామూలుగానే ఉంటుంది, డిసొల్యూషన్ (మందు ద్రవంలో కరిగే తీరు) మాత్రం పడిపోతుంది.

అయనీకరణం చెందని అణువులకు కోక్రిస్టల్, అంటే మందు మరో పదార్థంతో కలిసి ఏర్పరచే ఒకే స్ఫటికం, ఒక మార్గం. దాన్ని కూడా లవణాల్లాగే పరీక్షించాలి.

5. కణ పరిమాణాన్ని తగ్గించండి, కాని దాని నుంచి ఏం ఆశించాలో తెలుసుకోండి

1897లో నోయెస్, విట్నీ చూపినట్లు ఘనపదార్థం కరిగే వేగం ద్రావణీయత మీద, ద్రవంలో ఇప్పటికే ఉన్న గాఢత మీద ఆధారపడి ఉంటుంది. ద్రవానికి తగిలే ఉపరితల వైశాల్యం కూడా ఆ వేగాన్ని నిర్ణయిస్తుందని తరువాత వచ్చిన సవరణలు స్పష్టం చేశాయి. కణ వ్యాసం పదోవంతుకు తగ్గితే అదే బరువుకు ఉపరితలం పదింతలవుతుంది. జెట్ మిల్లులో కొన్ని మైక్రోమీటర్ల దాకా తగ్గించడం వల్ల వేగం పెరుగుతుంది కాని సమతాస్థితి ద్రావణీయత మారదు. మైక్రోనైజేషన్‌తో ద్రావణీయత పెరిగిందని ఎవరైనా రాస్తే వారు సాధారణంగా వేగాన్ని చూసి ఆ మాట అన్నట్లే. ద్రావణీయత కూడా గుర్తించదగినంత పెరగాలంటే కణం ఒక మైక్రోమీటరు కంటే బాగా కిందికి, నానోమీటర్ల స్థాయికి రావాలి.

అందుకు మందును నీటిలో హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్, సోడియం లారిల్ సల్ఫేట్ వంటి స్థిరకారకంతో కలిపి పూసల మిల్లులో నూరుతారు. సిరోలిమస్, అప్రెపిటెంట్, ఫెనోఫైబ్రేట్ మార్కెట్లోకి నానోస్ఫటిక రూపంలోనూ వచ్చాయి. పొడిగా నూరిన మందు ఉండకట్టి, గాలిని పట్టుకుని నీటి మీద తేలుతుంటే, ఎంత నూరినా ఆ ఉపరితలం నీటికి తగలదు. అటువంటప్పుడు కొద్దిగా పాలీసార్బేట్ 80 కలిపి తడిసే గుణం పెంచండి. నూరడం ముగిశాక ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీయండి, ఎందుకంటే తీవ్రంగా నూరినప్పుడు స్ఫటికంలో కొంత భాగం అస్ఫటికంగా మారి, నిల్వలో మళ్లీ స్ఫటికీకరిస్తుంది.

6. ద్రవరూపానికి సహద్రావణులు

ఇథనాల్, ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, పీఈజీ 400 నీటి ధ్రువణతను తగ్గించి జిడ్డు స్వభావమున్న అణువుకు చోటిస్తాయి. ఇక్కడ ద్రావణీయత సరళరేఖలో కాకుండా ఘాతంలో పెరుగుతుందన్నది గుర్తుంచుకోండి. ప్రతి 10 శాతం సహద్రావణికి మూడు రెట్ల చొప్పున పెరిగితే 40 శాతం దగ్గర అది 81 రెట్లవుతుంది. ఆ ద్రావణాన్ని సమాన పరిమాణం నీటితో పలచబరిచారనుకోండి. మందు గాఢత సగమే తగ్గుతుంది, ద్రావణీయత మాత్రం 81 రెట్ల నుంచి 9 రెట్లకు పడిపోతుంది. సంతృప్తానికి దగ్గరగా ఉన్న ద్రావణమైతే అక్కడికక్కడే అవక్షేపం వస్తుంది. ఫినైటోయిన్ ఇంజెక్షన్‌లో 40 శాతం ప్రొపైలీన్ గ్లైకాల్, 10 శాతం ఆల్కహాల్, పీహెచ్ 12 వాడవలసి వచ్చింది. డెక్స్‌ట్రోజ్ ద్రావణంలో కలిపితే అందులోంచి మందు విడిపోతుంది. నీటిలో కరిగే ప్రొడ్రగ్ (శరీరంలో అసలు మందుగా మారే రూపం) అయిన ఫాస్‌ఫినైటోయిన్ ఆ ఇబ్బందిని తప్పించడానికే వచ్చింది. కనుక పలచబరిచే పరీక్ష చేయనిదే సహద్రావణి ఫార్ములాను ఖాయం చేయకండి.

ద్రావణి ఎంపికలో భద్రతను మించిన ప్రమాణం లేదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి ఎలిక్సిర్‌గా అమ్మినందువల్ల 100 మందికి పైగా చనిపోయారు, ఆ మరుసటి ఏడాదే అక్కడ కొత్త ఔషధ చట్టం వచ్చింది. మందు చక్కగా కరిగింది, ప్రాణం తీసింది దాన్ని కరిగించిన ద్రావణి. గ్లిసరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ ప్రతి బ్యాచ్‌నూ డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ కల్తీ కోసం పరీక్షించిన తరువాతే వాడాలి.

సబ్బులాంటి సర్ఫాక్టెంట్లు, వాటి అణువులు గుంపుకట్టి మిసెల్స్ ఏర్పడే గాఢత దాటిన తరువాతే ద్రావణీయతను పెంచుతాయి. వాటికీ పరిమితులున్నాయి: పాక్లిటాక్సెల్‌ను కరిగించే క్రెమోఫోర్ ఈఎల్ వల్ల తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యలు వస్తాయి కనుక, రోగికి ముందుగానే వేరే మందులు ఇవ్వవలసి వస్తుంది.

7. సైక్లోడెక్స్‌ట్రిన్: ముందు బరువు లెక్క, తరువాత ప్రయోగం

బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌లో ఏడు గ్లూకోజ్ యూనిట్లు వలయంగా ఉంటాయి. లోపలి కుహరం నీటికి విముఖం, వెలుపలి భాగం నీటికి అనుకూలం. మందు అణువు ఆ కుహరంలో ఇమిడితే సంక్లిష్టం ఏర్పడుతుంది. పని మొదలుపెట్టేముందు బరువు లెక్క చూడండి. 400 మి.గ్రా. ఐబూప్రోఫెన్‌కు అణువుకు ఒక అణువు నిష్పత్తిలో 2.2 గ్రాముల బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ కావాలి, అది ఒక టాబ్లెట్‌లో పట్టదు. చిన్న డోస్ మందులకే ఇది అనువైన పద్ధతి.

లెక్క కుదిరితే, 1965లో హిగుచి, కానర్స్ వివరించిన దశా ద్రావణీయత ప్రయోగం చేయండి. సైక్లోడెక్స్‌ట్రిన్ గాఢత సున్నా నుంచి 10 మిల్లీమోలార్ వరకు 2 చొప్పున పెంచుతూ ద్రావణాలు తయారు చేసి, ప్రతిదానిలోనూ అదనంగా మందు వేసి, సమతాస్థితి వచ్చేదాకా కదిలించి, వడపోసి, కరిగిన మందును కొలవండి. బీటా రూపం నీటిలో లీటరుకు దాదాపు 18.5 గ్రాములే కరుగుతుంది కనుక 16 మిల్లీమోలార్ దాటి వెళ్లలేరు. గీసిన గ్రాఫ్ సరళరేఖ అయి, దాని వాలు ఒకటి కంటే తక్కువైతే, సాధారణంగా ఒకటికి ఒకటి సంక్లిష్టంగా భావిస్తారు. వాలును, సైక్లోడెక్స్‌ట్రిన్ లేనప్పటి ద్రావణీయతతో ఒకటి తీసివేత వాలును గుణించగా వచ్చిన విలువతో భాగిస్తే స్థిరత్వ గుణకం వస్తుంది. రేఖ కొంతదూరం వెళ్లి కిందికి వంగితే సంక్లిష్టమే అవక్షేపిస్తోందని అర్థం.

ఘనరూపం కోసం రెండింటినీ కొద్దిపాటి నీరు, ఆల్కహాల్ మిశ్రమంతో ముద్దగా నూరి ఆరబెట్టవచ్చు, లేదా ద్రావణాన్ని ఫ్రీజ్ డ్రైయింగ్ చేయవచ్చు. ఇంజెక్షన్లకు బీటా రూపం పనికిరాదు, అది మూత్రపిండాలకు హాని చేస్తుంది. అక్కడ హైడ్రాక్సీప్రొపైల్ బీటా, సల్ఫోబ్యుటైల్ ఈథర్ బీటా రకాలను వాడతారు. ఇట్రాకోనజోల్ నోటి ద్రావణంలో మొదటిది, వోరికోనజోల్ ఇంజెక్షన్‌లో రెండవది ఉన్నాయి.

8. ఇటుకపొడికి ఘన విక్షేపణం

1961లో సెకిగుచి, ఓబీ సల్ఫాథయజోల్‌ను యూరియాతో కలిపి కరిగించి చల్లార్చి ఈ పద్ధతికి దారి వేశారు. ఇప్పుడు యూరియా స్థానంలో పీవీపీ, కోపోవిడోన్, హెచ్‌పీఎంసీ, హెచ్‌పీఎంసీ ఎసిటేట్ సక్సినేట్ వంటి పాలిమర్లు వచ్చాయి. స్ఫటికాన్ని పూర్తిగా ఛేదించి, మందును పాలిమర్‌లో అణువుల స్థాయిలో చెదరగొట్టి ఉంచడమే ఇక్కడి లక్ష్యం.

ల్యాబ్ స్థాయిలో మందునూ పాలిమర్‌నూ ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి నాలుగు నిష్పత్తుల్లో రెండింటినీ కరిగించే ద్రావణిలో కలిపి, రోటరీ ఇవాపొరేటర్‌లో వేగంగా ఆవిరి చేసి, వాక్యూమ్‌లో ఆరబెట్టి, నూరి జల్లెడ పట్టండి. పెద్ద స్థాయిలో స్ప్రే డ్రైయింగ్ గాని హాట్ మెల్ట్ ఎక్స్‌ట్రూషన్ గాని చేస్తారు. ఎక్స్‌ట్రూషన్‌లో ద్రావణి అవసరం లేదు, కాని వేడికి చెడిపోయే మందుకు అది తగదు. ప్రతి నిష్పత్తికీ తోడుగా అదే నిష్పత్తిలో కేవలం పొడులు కలిపిన భౌతిక మిశ్రమాన్ని తప్పక పెట్టండి. పాలిమర్ పక్కన ఉండటం వల్లే మందు కొంత మెరుగ్గా తడుస్తుంది కనుక, ఈ పోలిక లేకపోతే లాభం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేరు. డీఎస్‌సీలో (నమూనాను వేడిచేస్తూ అది పీల్చుకునే వేడిని కొలిచే పరీక్షలో) మందు ద్రవీభవన శిఖరం మాయమైతే అంతా అస్ఫటికమైందని వెంటనే తీర్మానించకండి. వేడిచేస్తున్నప్పుడే మందు కరిగిన పాలిమర్‌లో కలిసిపోయినా ఆ శిఖరం కనిపించదు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో సరిచూసుకోండి.

అస్ఫటిక మందు సమతాస్థితికి మించిన గాఢతను ద్రవంలోకి వదులుతుంది, పాలిమర్ ఆ గాఢతను పడిపోకుండా కొంతసేపు నిలబెడుతుంది. పేగులో శోషణ జరిగేదాకా, అంటే కొన్ని గంటలు, అది నిలిస్తే చాలు. పాలిమర్‌ను ఎంచుకోవడానికి ముందే చిన్న పరీక్ష చేయవచ్చు. మందును కొద్దిపాటి డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో గాఢంగా కరిగించి, వేర్వేరు పాలిమర్లు కరిగిన బఫర్లలో కొన్ని చుక్కలు వేసి, ఏ బఫర్‌లో ఎంతసేపటికి మబ్బు కమ్ముతుందో గమనించండి. ఎక్కువసేపు తేటగా ఉన్నదే మీ మొదటి అభ్యర్థి.

స్ఫటిక రూపాలను చిన్నచూపు చూడకూడదని రిటోనవిర్ చరిత్ర చెబుతుంది. 1996లో విడుదలైన ఆ మందు కాప్స్యూల్స్‌లో 1998లో అంతకుముందు తెలియని, చాలా తక్కువగా కరిగే స్ఫటిక రూపం కనిపించింది. వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుని ఫార్ములాను మార్చవలసి వచ్చింది. తరువాత 2005లో లోపినవిర్‌తో కలిపి వచ్చిన రిటోనవిర్ టాబ్లెట్‌ను కోపోవిడోన్‌తో ఎక్స్‌ట్రూషన్ పద్ధతిలోనే తయారు చేశారు.

9. జిడ్డుముద్దకు నూనె ఆధారిత ఫార్ములా

లాగ్ పీ ఎక్కువగా, ద్రవీభవన స్థానం తక్కువగా ఉన్న మందును నూనె, సర్ఫాక్టెంట్, సహసర్ఫాక్టెంట్ మిశ్రమంలో కరిగించి కాప్స్యూల్‌లో నింపితే, జీర్ణాశయంలో అది తనంతట తానే సన్నని బిందువులుగా విడిపోతుంది. సైక్లోస్పోరిన్ మైక్రోఎమల్షన్ రూపం దీనికి పేరుపొందిన ఉదాహరణ. ముందుగా మందు ఏ నూనెలో ఎక్కువ కరుగుతుందో కొలిచి, ఆ తరువాత త్రిభుజాకార దశాచిత్రం గీసి, నీటితో వంద రెట్లు పలచబరిచినా తేటగా నిలిచే నిష్పత్తులను గుర్తించండి. మందు లేకుండా గీసిన చిత్రం మందు కలిపాక మారవచ్చు కనుక చివరి ఎంపిక మందుతోనే చేయాలి.

10. డిసొల్యూషన్, నిల్వ పరీక్షలు

డిసొల్యూషన్ పరీక్షలో ద్రవ పరిమాణం మందును సంతృప్తం చేయడానికి కావలసిన దానికి కనీసం మూడు రెట్లు ఉంటే సింక్ స్థితి అంటారు. నాణ్యతా పరీక్షకు అది మంచిదే, కాని అతిసంతృప్తి మీద ఆధారపడిన ఫార్ములాలను పోల్చడానికి పనికిరాదు, ఎందుకంటే అంత ద్రవంలో అవక్షేపించే అవకాశమే ఉండదు. అందుకే సింక్ లేని స్థితిలో కూడా, ముందు 0.1 నార్మల్ ఆమ్లంలో, తరువాత పీహెచ్ 6.5 ఉండి సోడియం టారోకోలేట్, లెసిథిన్ కలిపిన కృత్రిమ పేగు ద్రవంలో పరీక్షించండి. బలహీన క్షారాలు ఆమ్లంలో బాగా కరిగి పేగు పీహెచ్‌కు రాగానే అవక్షేపించే స్వభావం ఈ మార్పిడిలోనే బయటపడుతుంది.

తయారైన రోజు ఫలితంతో ఆగిపోకండి. అస్ఫటిక ఉత్పత్తిని 40 డిగ్రీలు, 75 శాతం సాపేక్ష తేమ దగ్గర ఒకసారి మూత తెరిచి, ఒకసారి మూత బిగించి ఉంచండి. తేమ పాలిమర్ గాజు పరివర్తన ఉష్ణోగ్రతను (గాజులా గట్టిగా ఉన్న పదార్థం మెత్తబడే ఉష్ణోగ్రతను) కిందికి దించుతుంది, అది నిల్వ ఉష్ణోగ్రతకు సుమారు 50 డిగ్రీలు పైన ఉంటేనే అణువుల కదలిక తగినంత నెమ్మదిస్తుందన్నది వాడుకలో ఉన్న నియమం. 1, 3, 6 నెలల దగ్గర ఎక్స్‌రే డిఫ్రాక్షన్, డిసొల్యూషన్ రెండూ ఒకే నమూనా మీద చేయండి. మూత తెరిచిన నమూనా చెడి, మూసినది నిలిస్తే లోపం ఫార్ములాలో కంటే ప్యాకింగ్‌లో ఉందని తేలుతుంది, అప్పుడు తేమను అడ్డుకునే అల్యూమినియం బ్లిస్టర్‌లో గాని, తేమ పీల్చే పొట్లం వేసిన బిగుతు సీసాలో గాని అదే పరీక్షను మళ్లీ మొదలుపెట్టండి.